ములుగు వైపు గుట్ట మీది ఫైర్ వాచ్ టవర్ దాకా ఒక్కరోజు నడక – ఏమేం చూసుకోవాలె?

హన్మకొండ_నడక అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. హన్మకొండ నుంచి నలుగురం పోదామనుకుంటున్నం. అందులో మా అక్క కొడుకు పద్నాలుగేళ్ళోడు. తాడ్వాయి వైపు అడవిలో, మంటలు కనిపెట్టడానికి గుట్ట మీద కట్టిన వాచ్ టవర్ దాకా పొద్దున నడిచిపోయి అదే రోజు తిరిగి రావాలని ఉంది. పోను 5 కిలోమీటర్లు, ఎక్కుడు 250 మీటర్లు ఉంటదని మ్యాపులో లెక్కేసుకున్నం. ఫిబ్రవరి ఆఖరి ఆదివారం అనుకున్నం. పర్మిషన్ ఎవరిని అడగాలె? నీళ్ళు ఎన్ని మోయాలె? టవర్ పైదాకా ఎక్కనిస్తరా? నడుమల మంట ఎదురైతే ఏం చేయాలె? టవర్ మీది మనిషి ఆ పొగ ఫలానా చోట అని ఎట్ల చెప్పగలుగుతడో కూడా తెలిసినోళ్ళు వివరంగ రాస్తే మంచిది.

గుట్టబాట:

తమ్ముడూ, అన్నిటికన్నా ముందు తారీఖు మార్చుకోండి. ఫిబ్రవరి సగం నుంచి తొలకరి దాకా మన దగ్గర మంటల కాలం. ఫిబ్రవరి ఆఖరుకు టేకు, నల్లమద్ది, తునికి ఆకు చాలావరకు రాలిపోయి నేల మీద మందంగా పరుచుకొని ఉంటది. అప్పటికే తునికి కొమ్మ కొట్టుడు మొదలైతది, ఆ వెనకే ఇప్పపువ్వు. చిగురు బాగా రావాలని తునికి పొదలను, రాలిన పువ్వు కనపడాలని ఇప్పచెట్టు కింది ఆకును కాలుస్తరు. ఆర్పకుండ వదిలేస్తే అదే గుట్టెక్కుతది. పశువుల కోసం కొత్త గడ్డి రావాలని పెట్టేదీ, చుట్టబీడీ ముక్క పడేసేదీ వీటికి తోడు. మన అడవుల్లో మంట దాదాపు ఎప్పుడూ మనిషి చేతి నుంచే మొదలైతది. ఆ నెలల్లో టవర్ అంటే డ్యూటీ జరిగే చోటు, అక్కడ నలుగురు సందర్శకులు ఉంటే పని ఆగుతది. నవంబర్ ఆఖరు నుంచి జనవరి దాకా పోండి. జాతర ఉన్న ఏడు మాత్రం తారీఖు చూసుకోండి. మేడారం జాతర రెండేళ్ళకోసారి, 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. పస్రా, తాడ్వాయి దారి చాలా రోజుల ముందు నుంచే జనంతో నిండిపోతది, సిబ్బంది అంత అటే ఉంటరు.

పర్మిషన్ సంగతి. ఏటూరునాగారం అభయారణ్యం లోపలైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ కింద అనుమతి లేకుండ అడుగు పెట్టరాదు. 28వ సెక్షన్ కింద చూడడానికి, ఫొటోలకు, అధ్యయనానికి అనుమతి ఇస్తరు. అభయారణ్యం బయట రిజర్వు ఫారెస్టు ఉంటే 1967 అటవీ చట్టం 20వ సెక్షన్ వర్తిస్తది. ఏది ఎక్కడ మొదలైతదో మ్యాపు చూసి మనం తేల్చుకునేది కాదు, అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అడగాల్సిందే. కనీసం వారం ముందు తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి ఇవ్వండి: నలుగురి పేర్లు, వయసులు, ఆధార్ నకళ్ళు, బండి నంబరు, ఏ దారిన పోతరు, ఎన్ని గంటలకు లోపలికి పోయి ఎన్నింటికి బయటికి వస్తరు. బీట్ ఆఫీసర్‌ని గాని వాచర్‌ని గాని తోడు పంపమని అందులోనే అడగండి. ఒక నకలు మీద ముద్ర వేయించుకొని దగ్గర పెట్టుకోండి. రుసుము తీసుకుంటే రసీదు అడగండి. తోడు వచ్చే మనిషికి రోజు కూలీతో పాటు అన్నం, నీళ్ళు కూడా మీరే మోయాలె.

దారి చూపే మనిషి ఎందుకంటే, 2024 ఆగస్టు 31న వచ్చిన పెనుగాలికి తాడ్వాయి అడవిలో యాభై వేలకు పైగా చెట్లు కూలిపోయినయి. ఆ పడిన చెట్ల మీదుగా పాత బాట చూపించే మ్యాపులు ఇంకా ఫోన్లలో ఉన్నయి. కూలిన మాను దాటాలని చుట్టు తిరిగితే నాలుగు మలుపుల్లో దిక్కు తప్పుతది.

పాకాల_పిట్ట:

పై మాటకు తోడు, సమయం లెక్క రాస్తున్నాను. మైదానంలో గంటకు 5 కిలోమీటర్లు నడిచేవాళ్ళు కూడా ఇక్కడ 3కు మించి నడవలేరు. ఎండిన టేకు ఆకు కింద గుండ్రటి మొరం రాళ్ళు, గుంతలు కనపడవు, కాలు జారుతుంది. ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు 20 నిమిషాలు కలపండి. మీ దారికి నడక గంటా నలభై నిమిషాలు, ఎక్కుడు 50 నిమిషాలు, మొత్తం రెండున్నర గంటలు. దిగడం తేలిక అనుకోవద్దు, మోకాళ్ళు అలిసేది, మడమ మెలిక పడేది దిగేటప్పుడే. దానికి 2 గంటలు వేసుకోండి. హన్మకొండ నుంచి తాడ్వాయి సుమారు 90 కిలోమీటర్లు, 163వ జాతీయ రహదారి. డిసెంబర్‌లో ములుగు దాటాక మంచు పట్టి ఉంటుంది కాబట్టి నాలుగున్నరకే బయలుదేరి, ఏడింటికి నడక మొదలుపెడితే తొమ్మిదిన్నరకు టవర్ దగ్గర ఉంటారు. పైన ఒక గంట, ఒంటిగంట లోపు బండి దగ్గరికి. ఏ కారణం చేతనైనా పదిన్నర వరకు టవర్ చేరకపోతే అక్కడి నుంచే వెనక్కి తిరగండి.

నీళ్ళు మనిషికి 4 లీటర్లు, చలికాలమైనా సరే. గుట్ట మీద నీళ్ళు ఉండవు, కింది వాగు నీళ్ళలో పశువులు తిరుగుతాయి. రెండు పెద్ద సీసాల కన్నా నాలుగు లీటరు సీసాలు మేలు, ఒకటి పగిలినా మూడు మిగులుతాయి. టవర్ చేరకముందే సగం అయిపోతే, టవర్ కళ్ళ ముందు కనపడుతున్నా వెనక్కే. ఓఆర్ఎస్ ప్యాకెట్లలో రెండు సైజులు ఉన్నాయి: 21 గ్రాములది లీటరు నీళ్ళకు, 4 గ్రాముల చిల్లరది 200 మిల్లీలీటర్లకు. పెద్దదాన్ని చిన్న సీసాలో కలిపి తాగితే ఉప్పు ఎక్కువై వాంతి అవుతుంది, అదే ఎండదెబ్బ అనుకొని ఇంకో ప్యాకెట్ కలుపుతారు. ప్యాకెట్ మీద రాసిన కొలత చదివి కలపండి.

తిండికి సర్వపిండి, జొన్నరొట్టె, పల్లీల పొడి. ఇవి మధ్యాహ్నానికి చెడిపోవు, వేడి చేయక్కర్లేదు. పెరుగన్నం పులిసిపోతుంది. స్టవ్, అగ్గిపెట్టె, సిగరెట్ ఏదీ వద్దు. అభయారణ్యంలో ప్రమాదం తెచ్చేలా నిప్పు రాజేయడం, ఆర్పకుండా వదలడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ కింద నేరం. బట్టలు నూలువి, నిండు చేతులవి, మెడ కప్పేవి వేసుకోండి. నిప్పురవ్వ పడితే పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. కర్ర ఇంటి నుంచే తెచ్చుకోండి, అడవిలో వెదురు నరకడం కూడా నేరమే.

పస్రా_దారి:

టవర్ ఎక్కే ముందు తల ఎత్తి కింది నుంచి చూడాలె. కొండ తేనెటీగలు ఎత్తయిన రాతి అంచులకు, టవర్ పలక కింది భాగానికి పట్టు పెడతయి. పట్టు ఉంటే ఆ టవర్ ఎక్కేది లేదు, కింద నిలబడి మాట్లాడేది కూడా లేదు. అత్తరు, సెంటు, సువాసన నూనె రాసుకోకుండ పోవాలె. ఈగ కుట్టిందంటే కొట్టొద్దు, చేతులు ఊపొద్దు. నలిగిన ఈగ వాసనకు మిగతావి వస్తయి. మొఖం కండువతో కప్పుకొని చిక్కటి పొదల నడుమకు, కనీసం రెండు వందల మీటర్లు పరుగెత్తాలె. టవర్ మీద ఉన్నప్పుడు దాడి చేస్తే నిచ్చెన మీద తొందరపడి కిందపడేటోళ్ళే ఎక్కువ దెబ్బ తింటరు, కాబట్టి ఎక్కకముందు చూసుకోవడమే దిక్కు. ముల్లు గోరుతో గాని కార్డు అంచుతో గాని వెంటనే గీకి తీసేయాలె, ఆలస్యమైనకొద్దీ విషం ఎక్కువ దిగుతది. ఊపిరి ఆడకపోయినా, పెదాలు వాచినా, పదికి మించి కుట్టినా 108.

ఇనుప టవరైతే కాళ్ళ మొదట్లో చూడండి. తుప్పు పొరలు పొరలుగా ఊడుతున్నా, బోల్టు రంధ్రం ఖాళీగా ఉన్నా ఎక్కొద్దు. ఒక నిచ్చెన మెట్ల వరుస మీద ఒక్కరే ఉండాలె, చేతులు రెండూ ఖాళీగ ఉండాలె. పిలగాణ్ణి నడుమల ఎక్కించి, నిచ్చెన కింద పెద్దోళ్ళు ఒకరు నిలబడండి. పైన ముగ్గురికి మించొద్దు. వాచర్ వద్దంటే వద్దు, బతిమాలొద్దు.

దూలగొండి కాయలు జనవరి నుంచి ఎండి నూగు రాలుస్తయి. ఒంటికి అంటితే రుద్దకుండ, నీళ్ళు పోయకుండ, ముందు వెడల్పు ప్లాస్టర్ పట్టీ అతికించి పీకాలె, లేకుంటే పొడి మట్టి చల్లి దులపాలె. ఆ తర్వాతనే కడగాలె. రుద్దితే ఆ నూగు చర్మంల విరిగి మంట గంటల తరబడి పోదు.

గుడ్డేలుగు తెల్లారి, మాపటి వేళ తిరుగుతది. పుట్టల దగ్గర, బండల సందుల్లో, ఇప్పచెట్ల కింద ఉంటది. దానికి చూపు, వినికిడి తక్కువ, మనం నిశ్శబ్దంగ పోతే దగ్గరకొచ్చి బెదురుకొని మీద పడుతది. మామూలు గొంతుతో మాట్లాడుకుంట నడవండి. ఎదురైతే పరుగెత్తకుండ, ముఖం అటే ఉంచి వెనక్కి అడుగులేయండి.

దారి తప్పించేది ఇంకొకటుంది. ఫైర్ లైన్లు. మంట అటు నుంచి ఇటు దాటకుండ చలికాలంలో గడ్డి, ఆకు తీసి శుభ్రం చేసిన పట్టీలు అవి. చూస్తే మంచి బాట లెక్క కనపడతయి. బాటైతే గుట్టకు అడ్డంగా వంకరలు తిరుగుకుంట ఎక్కుతది. ఫైర్ లైన్ ఎక్కుడు దిగుడు చూడకుండ నేరుగా పోయి కంపార్ట్‌మెంట్ (అటవీ శాఖ నంబర్లేసి విడగొట్టిన అడవి ముక్క) హద్దు దగ్గర ఆగిపోతది. నిటారుగ, సూటిగ పోతున్నదంటే బాట తప్పినట్టే. హద్దు రాళ్ళ మీద కంపార్ట్‌మెంట్ నంబర్ కనపడితే ఫొటో తీసి పెట్టుకోండి, ఫోన్‌లో సాయం అడిగేటప్పుడు అది చెప్తే ఆఫీసోళ్ళకు ఒక్క మాటల అర్థమైతది.

హన్మకొండ_నడక:

మస్తు సాయం చేసిండ్రు. తారీఖు డిసెంబర్ రెండో వారానికి మార్చుకున్నం, దరఖాస్తు కూడా రాస్తున్న. పొగ జాగ ఎట్ల చెప్తరు, మంట ఎదురైతే ఏం చేయాలె అన్నయి మిగిలినయి.

దిక్సూచి:

టవర్ మీది మనిషికి కావాల్సినవి దిక్కు, దూరం. దిక్కు ఒక్క టవర్ నుంచే వస్తుంది, దూరం రాదు. అందుకే రెండు చోట్ల నుంచి చూడాలి. మొదటి టవర్ నుంచి పొగ, ఉత్తరం నుంచి కుడివైపు తిరుగుతూ లెక్కిస్తే, 62 డిగ్రీల మీద ఉంది, రెండో టవర్ నుంచి 338 మీద ఉంది అనుకోండి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటు మీద రెండు గీతలు గీస్తే అవి కోసుకున్న చోటే మంట. ఆ షీటులో 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. గీతలు రెండూ 60 నుంచి 120 డిగ్రీల మధ్య కోసుకుంటే జాగ గట్టిగా దొరుకుతుంది. 30 డిగ్రీల లోపు కోసుకుంటే కొద్ది తప్పు కూడా కిలోమీటర్ల దాకా సాగుతుంది. 10 కిలోమీటర్ల దూరంలో ఒక్క డిగ్రీ తప్పు అంటే 175 మీటర్లు పక్కకు. ఆ 175 మీటర్లలో మధ్యన ఒక లోయ ఉంటే మంట ఆర్పే మనుషులు గుట్టకు అవతలి వైపు దిగుతారు.

మన వైపు అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ తేడా దాదాపు ఒక డిగ్రీ లోపే, చేతి కంపాస్‌తో చూసేటప్పుడు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. పెద్ద తప్పు తెచ్చేది టవర్ ఇనుమే. ఇనుప కడ్డీ పక్కన నిలబడి కంపాస్ చూస్తే ముల్లు ఎన్ని డిగ్రీలైనా పక్కకు లాగుతుంది. నేల మీదికి దిగి, టవర్‌కు, బండికి దూరంగా నిలబడి చదవాలి. అది కుదరకపోతే పైన ముల్లును నమ్మకుండా, మ్యాపులో ఉన్న గుర్తులను, అంటే ఒక శిఖరం, ఒక చెరువు కట్టను, ఆధారం చేసుకొని మ్యాపు తిప్పి పెట్టుకోవాలి. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ టవర్లలో వాడే ఓస్బోర్న్ ఫైర్ ఫైండర్ ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది. గుండ్రటి మ్యాపు చుట్టూ డిగ్రీల వలయం, దాని మీద తిరిగే రెండు చూపు కమ్మీలు. మ్యాపును ఒకసారి తెలిసిన శిఖరాలకు సరిచేసి బిగిస్తారు, అయస్కాంతం ముల్లుతో పని లేదు.

ఒక్క టవరే ఉంటే అనుభవం మీద ఆధారపడతారు. పొగ మొదలు ఏ గుట్ట వరుస ముందు కనపడుతుంది, ఏ వరుస వెనక దాగుతుంది అని చూసి దూరం అంచనా వేస్తారు. టవర్ నుంచి కనపడని లోయలు ముందే గుర్తుపెట్టి ఉండాలి, అక్కడ మంట లేస్తే పొగ గుట్ట అంచు దాటి పైకి వచ్చేదాకా తెలియదు.

ఎంత దూరం కనపడుతుందో చిన్న లెక్క ఉంది: చుట్టూ నేల కన్నా ఎన్ని మీటర్లు ఎత్తులో ఉన్నామో దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. 250 మీటర్లకు 56 కిలోమీటర్లు. వేసవి మసకలో అంత కనపడదు, పది పదిహేను దగ్గరే చూపు ఆగిపోవచ్చు. చూసే పద్ధతి: దగ్గరి నేల నుంచి మొదలుపెట్టి ఒక్కో గుట్ట వరుసను ఎడమ నుంచి కుడికి ఉత్త కళ్ళతో చూడాలి, అనుమానం వచ్చిన చోటికి మాత్రమే బైనాక్యులర్ ఎత్తాలి. మొదటి నుంచే బైనాక్యులర్ పట్టుకుంటే చూసేంత మేర చిన్నదై పక్క లోయ పొగ తప్పిపోతుంది. మనం సూర్యుడి వైపు చూస్తుంటే పొగ తెల్లగా మెరుస్తుంది. సూర్యుడు మన వెనక ఉంటే అదే పొగ అడవి రంగులో కలిసిపోతుంది. కాబట్టి పొద్దున పడమటి వైపును, సాయంత్రం తూర్పు వైపును రెండుసార్లు చూడాలి.

పొగ కానివి కూడా తెలిసి ఉండాలి. తెల్లవారి లోయల్లో పేరుకున్న మంచు పొద్దెక్కితే చెదిరిపోతుంది, పొగ ఒకే మొదలు నుంచి లేస్తూనే ఉంటుంది. సుడిగాలి దుమ్ము కదులుతుంది, నిమిషాల్లో పోతుంది. దూరాన చెల్పూరు థర్మల్ కేంద్రం పొగగొట్టంలాంటివి ఎప్పుడూ ఒకే దిక్కున ఉంటాయి, వాటి డిగ్రీలు రాసి పెట్టుకుంటారు.

శాటిలైట్ ఉండగా టవర్ ఎందుకు అని అడుగుతుంటారు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే హెచ్చరికలు ఎక్కువగా శాటిలైట్ల మీద వేడిని పట్టే వీఐఐఆర్ఎస్ అనే సెన్సర్ నుంచి వస్తాయి. దాని ఒక్కో చుక్క 375 మీటర్ల చదరం. ఆ సెన్సర్ ఉన్న ఒక్కో శాటిలైట్ మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో. మూడింటికి పుట్టిన మంటను అది రాత్రి దాకా చూడదు. అప్పటికి ఎండాకు మీద మంట ఒక గుట్ట దాటి ఉంటుంది. మబ్బు పట్టినా, చిన్న మంటైనా అసలే పట్టదు. టవర్ మీది కళ్ళకు ఆ విరామం లేదు, అందుకే నేను టవర్లు పాడుబడనివ్వొద్దనే అంటాను. గుట్టబాట గారితో ఒక్క చోట నా మాట వేరు: టవర్ పని చూడాలని ఇష్టం ఉన్నవాళ్ళు జనవరి ఆఖరు వారంలో పోతే ఫైర్ లైన్లు తీసే పని, బ్లోయర్లతో ఆకు ఊదే పని చూడొచ్చు, ఆకు కూడా ఇంకా పూర్తిగా రాలి ఉండదు. పిల్లవాడు వస్తున్నాడు కాబట్టి మీకు డిసెంబరే మంచిది.

గుట్టబాట:

జనవరి ఆఖరు మాటకు నాకూ అభ్యంతరం లేదు, వాచర్ తోడు ఉంటే.

మంట సంగతి. మన టేకు అడవుల్లో మంట నేల మీద ఆకులోనే పాకుతది, చాలాసార్లు మోకాలెత్తుకు మించదు. ఆ చిన్న మంటే ఏటవాలు మీద పరుగెత్తుతది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు మంట వేగం దాదాపు రెట్టింపు అయితదని లెక్క. పైకి పోయే మంట తన ముందున్న ఆకును ముందే వేడి చేసి ఎండబెట్టుకుంట పోతది. కాబట్టి కింద పొగ కనపడితే టవర్ మీద ఎక్కి కూర్చోవడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. గుట్ట మీదికి పోయే సన్నటి లోయలు, వాగు చీలికలు పొగగొట్టం లెక్క గాలిని పైకి లాగుతయి, వాటిలోంచి దిగొద్దు.

గాలి ఎటు వీస్తుందో చూసి, మంటకు పక్క నుంచి అడ్డంగ జరగాలె. ముందుకు, పైకి కాదు. చుట్టూ దారి లేకపోతే అప్పటికే కాలిపోయిన నల్ల నేల మీదికి పోవాలె, అక్కడ మళ్ళీ కాలడానికి ఏమీ మిగల్లేదు. అక్కడ కూడ కాలుతున్న మొద్దులకు దూరంగ నిలబడండి. గుల్లబారిన మాను లోపల రోజుల తరబడి రగిలి చప్పుడు లేకుండ కూలుతది. వెదురు పొద దగ్గర ఉండొద్దు, కణుపుల్లో గాలి వేడెక్కి పేలుతది, నిప్పు దూరం ఎగురుతది. తాడ్వాయిలో పడిపోయిన మానుల కుప్పలు ఉన్న చోట మంట ఆకు మంట లెక్క ఉండదు, గంటల కొద్దీ కాలి చాలా వేడి పుట్టిస్తది. అసొంటి కుప్పల నడుమ తోవ వద్దు.

పచ్చి రొట్ట పట్టుకొని కొట్టి ఆర్పుదామని పోకండి. సిబ్బంది వరుసగ నిలబడి, తప్పించుకునే తోవ పెట్టుకొని కొడతరు. ఎదురు నిప్పు పెట్టడం, అంటే మంట రాకముందే దాని ముందున్న ఆకును కావాలని కాల్చడం, అంతకన్నా వాళ్ళ పనే. గాలి మళ్ళితే రెండు మంటల నడుమ చిక్కుకుంటం.

దూరాన పొగ చూసినప్పుడు వాచర్‌తో గాని, సిగ్నల్ ఉంటే రేంజ్ ఆఫీసుతో గాని, లేదా 112కి గాని ఇవి చెప్పండి: టైము, మీరున్న చోటు, అక్కడి నుంచి ఏ దిక్కు, పొగ మొదలు ఏ గుర్తు దగ్గర, రంగు తెలుపా నలుపా, గాలికి ఎటు వంగింది, ఒక్క కంబమా లేక గీతగ సాగిందా. గీతగ సాగిందంటే మంట అప్పటికే పాకుతున్నట్టు, అది చెప్తే మనుషుల్ని ఎక్కువ పంపుతరు.

పస్రా_దారి:

ఫోన్ గురించి ఒకటి. లోపలికి పోయినంక సిగ్నల్ వెతుక్కుంట బ్యాటరీ అయిపోతది. తాడ్వాయిలోనే ఆఫ్‌లైన్ మ్యాపు దింపుకొని ఫ్లైట్ మోడ్‌ల పెట్టండి, జీపీఎస్ పనిచేస్తది. ఇద్దరి ఫోన్లు ఆపేసి ఉంచండి. బయటికి రాంగనే రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి నలుగురం వచ్చినం అని చెప్పండి. దరఖాస్తుల రాసిన టైము దాటినా కబురు లేకపోతే మీ కోసం మనుషులు అడవిలకు పోవాల్సి వస్తది.